కూర్మి సముద్రం చేరిన రోజు

పోయిన ఆదివారం పొద్దున, పాత వంటల పుస్తకమొకటి దొరుకుతుందేమోనని అబిడ్స్‌కు పోయాను. ఆదివారాలు అక్కడ మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. వంటల పుస్తకం దొరకలేదు, మోకాళ్ళ నొప్పి మాత్రం దొరికింది. లేచి పోదామనుకుంటుంటే ఇంజనీరింగ్ గైడ్ల కట్ట కింద నుంచి పిల్లలు రంగులు వేసుకునే పుస్తకం ఒకటి తొంగిచూసింది. అట్ట మీద ఆకుపచ్చ తాబేలు పిల్ల. ఒక కాలు ముందుకు వేసి, మెడ చాచి, దారిన పోయేవాళ్ళను ఏదో అడగబోతున్నట్టు ఉంది. లోపల ఏ ఇంటి పిల్లో దానికి గులాబీ రంగు వెయ్యడం మొదలుపెట్టి, డిప్ప సగమయ్యాక విసుగొచ్చి మానేసింది. నేను దాన్ని తిరగేస్తుంటే అమ్మేవాడు, "అది పాత బొమ్మ మేడం, గిప్పటి పిల్లలకు ఎరుకనే లేదు" అని చెప్పి, నా మంచి కోసమే అన్నట్టు నా చేతిలోంచి తీసుకోబోయాడు. నేను ఇవ్వలేదు. ఎండ ఎక్కుతున్నా ఆ పుస్తకం పట్టుకుని అక్కడే ఒక షట్టరు మెట్టు మీద కూర్చున్నాను. ఆ తాబేలును ఏ దేశంలో గీశారో నాకు తెలియదు. తెలుగులో అది మాట్లాడిన గొంతు మాత్రం మా చిన్నమ్మది.

తాబేలు పేరు కూర్మి. తెలుగులో మాటలు రాసినాయన ఎవరోగానీ, కూర్మాన్నీ ప్రేమనూ కలిపి ఒక్క పేరులో ముడివేశాడు. కథ చాలా చిన్నది. సముద్రపు ఒడ్డున తల్లి తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ ఇసుకను ఎవరో లారీకెత్తి, ఎక్కడో దూరాన నగరంలో ఇల్లు కట్టడానికి తెస్తారు. ఇసుకతో పాటు వచ్చిన ఒక్క గుడ్డు ఆ కుప్పలోనే పగులుతుంది. పిల్ల కళ్ళు తెరిచేసరికి ఎదురుగా సముద్రం లేదు, సిమెంటు బస్తాలున్నాయి. అప్పటినుంచి నడక. వారం వారం సముద్రానికి బయలుదేరుతుంది, వారం వారం దారిలో ఎవరికో ఒక కష్టం వస్తుంది. రెక్క విరిగిన పిట్ట, ఇంటి దారి మరిచిపోయిన ముసలాయన, వానలో తడిసి పాట రాని బ్యాండువాళ్ళు. కూర్మి ఆగిపోతుంది. వాళ్ళ పని చక్కబెట్టి, చివర్న ఎవర్నో ఒకర్ని "సముద్రం ఎటు?" అని అడిగి, చెయ్యి చూపించిన వైపుకు మళ్ళీ నడుస్తుంది. ఒక తరం పిల్లలు ఆ నడక చూస్తూ అన్నం తిన్నారు. మా అమ్మాయి చిన్నప్పుడు కాచిగూడలో ఆటో ఎక్కగానే డ్రైవరును అదే ప్రశ్న అడిగేది. ఒకాయన వెనక్కి తిరిగి చాలా గంభీరంగా, "సముద్రం దాంక మీటరు మీద రాను బిడ్డా" అన్నాడు.

చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు. మనిషి పెరిగింది, చదువుకుంది, నాంపల్లిలో ఒక చిన్న బడిలో టీచరు కూడా అయింది. గొంతు మాత్రం ఏడెనిమిదేళ్ళ పిల్ల దగ్గరే ఆగిపోయింది. క్లాసులో ఆమె కసిరితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. పెళ్ళిచూపులకు వచ్చిన ఒకావిడ, చిన్నమ్మ నోరు విప్పగానే, పక్కగదిలో ఎవరి పిల్ల మాట్లాడుతోందోనని తొంగిచూసిందట. తర్వాత "మా పిలగానికి పెండ్లాం కావాలె గాని సాదుకునేటందుకు బిడ్డ గాదు" అని కబురు పంపారు. ఆ తర్వాత కొంతకాలం చిన్నమ్మ ఇంట్లో కూడా సైగలతో సరిపెట్టింది. ఆమె మళ్ళీ నోరు తెరవడానికి కారణం ఒక ఇంకు పెన్ను. దాన్ని అబిడ్స్‌లో పెన్నుల దుకాణంలో రిపేరుకిచ్చి, అయిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేసింది. అవతల నుంచి దుకాణం ఆయన, "పాపా, మీ టీచరమ్మకు ఫోనియ్యి బిడ్డా" అన్నాడు. "నేనే టీచర్‌ను" అని ఈమె కోపంగా అంది. ఆయన నవ్వలేదు. "మాఫ్ చెయ్యుండ్రి. మీ గొంతు ఇంటె జర మనసు తేటయినట్టున్నది" అన్నాడు. నవ్వనందుకే ఆయన్ని చేసుకుందని మా అమ్మ చెప్పేది. ఆయనే మా చిన్నాయన.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఎవరెత్తినా ఆ ఇంట్లో కాసేపు గడియారం చప్పుడు వినిపించేది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ బడి నుంచి టిఫిను డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చి, వెనక అరలో కూర్చుని ఆయనతో కూరలో ఉప్పు గురించి వాదిస్తోంది. కౌంటరు దగ్గర పాళీ మార్పించుకుంటున్న ఒక పెద్దమనిషి, "లోపల పాప ఎవరండీ, భలే మాట్లాడుతోంది. మీ అమ్మాయా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఎప్పుడూ మొహం దించుకునే చిన్నాయన ఆ రోజు కౌంటరు మీద చెయ్యి కొట్టి నవ్వాడట. ఆ పెద్దమనిషి డబ్బింగ్ డైరెక్టరు. కోస్తా వైపు నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడినాయన. అప్పటికి కొన్ని రోజులుగా ఒక తాబేలు పిల్లకు గొంతు వెతుకుతున్నాడు. పిల్లలతో చెప్పిస్తే డైలాగు మధ్యలో ఆకలంటున్నారు, పెద్దవాళ్ళతో చెప్పిస్తే పిల్లల్ని వెక్కిరిస్తున్నట్టుంటోంది. పెళ్ళిచూపుల్లో పనికిరాదని తేల్చిన గొంతు అలా పనికొచ్చింది.

స్టూడియో అంటే పెద్దగా ఏమీ ఊహించుకోకండి. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక లాడ్జి పై అంతస్తు. కింద ఇరానీ హోటల్. మెట్లెక్కుతుంటే మరుగుతున్న చాయ్ వాసన మోకాళ్ళదాకా వచ్చి, తర్వాత తలదాకా వచ్చి, పైన తలుపు వెయ్యగానే తెగిపోయేది. గోడలకు కొట్టిన గుడ్డ కింద చెయ్యి పెట్టి తడిమితే, చప్పుడు రాకుండా అతికించిన కోడిగుడ్ల అట్టలు తగిలేవి. ఎన్ని తలుపులు వేసినా రైలు కూత మాత్రం లోపలికి వచ్చేది. అది రాగానే అందరూ ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోయి, అది పోయాక మళ్ళీ కదిలేవాళ్ళు. మొదటిసారి నేను చిన్నమ్మతో పాటు పోయినప్పుడు ఆమె బడి నుంచి నేరుగా వచ్చింది, వేళ్ళకు ఇంకా సుద్దపొడి ఉంది. కొంగు నడుముకు చెక్కి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైకు ముందు నిలబడింది. తెర మీద కూర్మి మురికినీళ్ళ మోరీలో జారిపడింది. చిన్నమ్మ మోకాళ్ళు కొంచెం వంచి, మెడను భుజాల్లోకి లాక్కుని, ముడుచుకుపోయి, "ఎవరైనా ఉన్నారా?" అంది. నేను మైకు గది అద్దం ఇవతల ఉన్నాను. కళ్ళ ముందు మా చిన్నమ్మ ఉంది, పొద్దున నాకు ఉప్మా పెట్టిన మనిషే. చెవుల్లో మాత్రం మోరీ అడుగున ఒక పసిదాని భయం ఉంది. ఆ రెంటినీ ఒకటిగా చూడటం నాకు ఆ రోజూ చేతకాలేదు, తర్వాత ఎన్నిసార్లు పోయినా చేతకాలేదు. గుడిలో గర్భాలయం ముందు నిలబడ్డప్పుడు వచ్చేలాంటి ఒక వణుకు వచ్చేది. నేను పెద్ద భక్తురాలిని కాను. అయినా వచ్చేది.

ఏళ్ళు గడిచాయి. చిన్నమ్మ బడి మానేసింది, వెంట్రుకలు తెల్లబడ్డాయి, కళ్ళజోడు మారింది. కూర్మి ఎదగలేదు. అది ఇంకా నడుస్తూనే ఉంది. మా అమ్మాయి ఇంటర్‌కొచ్చి, "ఇంకా సముద్రం రాలేదా చిన్నమ్మమ్మా?" అని వెక్కిరించేది. చిన్నమ్మ, "వచ్చేదుంటె వస్తది. నీకేం తొందర" అనేది. నిజానికి చిన్నమ్మ కూడా సముద్రం చూడలేదు. మా వాళ్ళకు ఎంత నీళ్ళన్నా హుస్సేన్‌సాగరుతోనే సరి.

తర్వాత థైరాయిడ్ గడ్డ వచ్చింది. ఆపరేషనుకు ముందే దవాఖానలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. గడ్డ పక్కనే గొంతు నరం ఉంటుందని, ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి అది బలహీనపడుతుందని చెప్పింది. గడ్డ వదిలేస్తే ప్రాణానికే మంచిది కాదు. చిన్నమ్మ ఔనని సంతకం పెట్టింది. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. పోయిందంటే మూగది కాలేదు. కట్టు విప్పాక బయటకొచ్చిన గొంతు వేరేది. బొంగురుగా, గరుకుగా, చివర్లు అరిగిపోయి, చీపురుతో బండ మీద ఊడ్చినట్టుంది. ఇదివరకు ఫోన్ ఎత్తితే "పాపా, అమ్మను పిలువు" అనేవాళ్ళు. ఇప్పుడు "సార్, మేడం ఉన్నరా?" అంటున్నారు. ఆ మాట రెండోసారి విన్నాక ఆమె ఫోను ఎత్తడం మానేసింది. మొదట మేం నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాం.

అలాంటి రోజుల్లో ఒకనాడు డైరెక్టరుగారి ఫోను నాకొచ్చింది. చిన్నమ్మ ఎత్తడం లేదు కాబట్టి నాకు చేశాడు. కూర్మి కథను అవతలి దేశంవాళ్ళు ముగించేస్తున్నారట. వారం వారం వచ్చే కథలాగా కాకుండా, ఒకేసారి టీవీలో వేసే పూర్తి సినిమాగా తీశారట. అందులో కూర్మి సముద్రం చేరుతుందట. చిన్నమ్మ స్థానంలో ఒక అమ్మాయిని తీసుకున్నారు. గొంతు సరిగ్గా అలాగే ఉంది, కానీ ఆ నడక రావడం లేదు. "అమ్మగారు వచ్చి పక్కన కూర్చుని జర చూపించగలరేమో అడగండి" అన్నాడు. ఇన్నేళ్ళ నాంపల్లి నివాసంలో ఆయనకు అంటుకున్న మా మాట 'జర' ఒక్కటే.

నేను నాంపల్లిలో వాళ్ళ ఫ్లాటుకు పోయి, ఆ మాట చెప్పాను. చిన్నమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే ఒక రాయి ఏరి పారేసి, "నా తద్దినానికి నన్నే వంటకు పిలుస్తుండా?" అంది. ఆ గొంతులో ఆ మాట ఇంకా గరుకుగా వినిపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం లోపలి గదిలో నడుం వాల్చాం. చిన్నాయన ముందు గదిలో ఉన్నాడు. కాసేపటికి అక్కడి నుంచి చాలా సన్నగా, గోడకు చెవి పెడితే తప్ప వినపడనంత సన్నగా, ఒక పిల్ల గొంతు. చిన్నమ్మ లేచింది. ఆమె వెనకే నేనూ. చిన్నాయన టీవీకి దాదాపు ఆనుకుని కూర్చుని, పాత కూర్మి కథ చూస్తున్నాడు. చూస్తున్నాడనడం కూడా తప్పు. కళ్ళు మూసుకుని వింటున్నాడు. అలికిడికి కళ్ళు తెరిచి, గబగబా రిమోటు వెతుక్కుని, "వార్తలు చూస్తున్న" అన్నాడు. తెర మీద తాబేలు పిల్ల సైకిలు చక్రం కింద నుంచి తల బయటపెట్టి నవ్వుతోంది.

చిన్నమ్మ ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుంది. ఆపేస్తుందనుకున్నాను. శబ్దం పెంచి, ఆయన పక్కన కూర్చుంది. అయిపోయేదాకా ఇద్దరూ చూశారు. అయిపోయాక ఆమె నా వైపు తిరిగి, "రేపు ఎన్ని గంటలకు రమ్మన్నడు?" అంది.

చిన్నాయన మెట్లెక్కలేడు కనుక మర్నాడు నేను వెంట పోయాను. ఆ అమ్మాయి కాచిగూడ పిల్ల, డిగ్రీ చదువుతోంది. చిన్నమ్మను చూడగానే వంగి కాళ్ళకు దండం పెట్టి, "మేడం, నేను మీ కూర్మిని జూసుకుంటనే పెరిగిన" అంది. చిన్నమ్మ, "కూసో" అని మాత్రం అంది. అద్దం ఇవతల మేం కూర్చున్నాం, ఆ అమ్మాయి లోపల నిలబడి మొదటి మాట చెప్పింది. అచ్చం అదే గొంతు. చిన్నమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ వింది. తన గొంతు ఇంకొకరి నోట్లో తిరుగుతుంటే వినడం ఎలా ఉంటుందో ఆమెకే తెలియాలి. కొంతసేపయ్యాక మైకు మీట నొక్కి, లోపలికి వినిపించేటట్టు, "ఉరుకకు బిడ్డా. తాబేలు ఎన్నడన్న ఉరికిందా? ప్రతి మాట ముంగట ఇసుకల కాలు పెట్టినట్టు జర ఆగు" అంది. బిడ్డా అన్నాక ఆమె కొంగు వదిలేసింది.

మధ్యాహ్నానికి ఆ పిల్లకు నడక వచ్చేసింది. అప్పుడు సముద్రం ఘట్టం వచ్చింది. ముందు మాటల్లేకుండా ఒకసారి వేసి చూపించారు. కూర్మి ఒక ఇసుక దిబ్బ ఎక్కుతోంది. జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. దిబ్బ కొసకు చేరి తల ఎత్తింది. అంతే, తెర మొత్తం తెరుచుకుంది. ఇన్నేళ్ళ కథలోనూ ఆ బొమ్మల్లో ఎప్పుడూ ఏదో అడ్డం ఉండేది. గోడ, కరెంటు తీగలు, చెట్టు, బస్సు. అది నేను ఆ క్షణం దాకా గమనించనే లేదు. మొదటిసారి అడ్డం ఏమీ లేదు. నీలం, నీలం మీద నీలం, ఆ చివర సన్నటి గీత, దాని మీద వెలుతురు. కింద మూలన వేలిగోరంత తాబేలు. అంతకు ముందు బిస్కెట్లు తింటున్న సౌండ్ ఇంజనీరు కుర్రాడు నమలడం ఆపేశాడు. చిన్నమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకూ తెలియదు. పెద్దవాళ్ళు గదిలోకి వచ్చినప్పుడు లేస్తామే, అలా లేచింది.

కాగితం మీద అక్కడ కూర్మి మాట "అబ్బ, ఎంత పెద్ద సముద్రమో" అని ఉంది. ఆ అమ్మాయి చెప్పింది. బాగానే చెప్పింది గానీ ఏదో సబ్బు అమ్ముతున్నట్టుంది. మళ్ళీ చెప్పింది. ఇంకోసారి. డైరెక్టరుగారు ఓపికగా, "ఇంకొక్కసారి అమ్మా" అంటున్నాడు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు మొదలయ్యాయి. చిన్నమ్మ తలుపు తోసుకుని లోపలికి పోయింది. మైకు ఆపలేదు కనుక మాకన్నీ వినిపించాయి.

"సముద్రం చూసినవా?"

"లేదు మేడం. మీరు?"

"నేను గూడ చూడలె."

ఇద్దరూ నవ్వారు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "మరి మస్తు పెద్దది, నీ పాణం గుంజుకున్నట్టయింది ఏం చూసినవు, చిన్నప్పుడు?" అని అడిగింది.

ఆ పిల్ల ఆలోచించి, "గీ నాంపల్లి ఎగ్జిబిషన్‌లనే మేడం. జెయింట్ వీలు పైకి పోయి ఆగింది. కిందికి చూస్తే అన్ని లైట్లే. హైదరాబాద్ గంత ఉంటదని నాకు ఎరుక లేకుండె" అంది.

"గప్పుడేమన్నవు?"

"ఏమనలె. మా అమ్మ చెయ్యి పట్టుకున్న."

"గంతే. గదే చెప్పు" అని చిన్నమ్మ ఆ చెయ్యి వదలకుండా పక్కకు జరిగి నిలబడింది.

బొమ్మ మళ్ళీ నడిచింది. దిబ్బ, జారుడు, ఎక్కడం. తెర తెరుచుకుంది. ఆ అమ్మాయి ఏ మాటా అనలేదు. చిన్న ఊపిరి ఒకటి లోపలికి తీసుకుంది, తీసుకున్నది వదలడం మరిచిపోయింది. అంతే. బొమ్మలో తాబేలు నోరు మాట కోసం తెరుచుకుంటే, అందులోంచి మాట రాకుండా ఆ ఊపిరి వచ్చింది. ఇవతల ఇంతమందిమి ఉన్నాం, ఎవరం కదల్లేదు. అప్పుడే స్టేషనులో రైలు కూసింది. అది ఇంకొక్క క్షణం ముందు కూసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ నాకు గుండె దడ.

సినిమా అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత తెర మీద చాలాసేపు నీళ్ళే. ఎన్నో ఏళ్ళు గడిచినట్టు. అప్పుడొక రోజు ఒక పెద్ద తాబేలు, డిప్ప మీద నాచు పట్టి, అలల్లోంచి ఒడ్డుకొస్తుంది. తను పుట్టవలసిన ఒడ్డుకే. ఇసుక తవ్వి గుడ్లు పెట్టి, కప్పెట్టి, వాటితో రెండు మాటలు చెప్పి తిరిగి సముద్రంలోకి పోతుంది. ఆ మాటలకు ఒక నాటకాల కళాకారిణిని సాయంత్రం రమ్మన్నారు. డైరెక్టరుగారు ఆ కాగితం చేతిలో పట్టుకుని, లోపల ఆ పిల్లతో మాట్లాడుతున్న చిన్నమ్మ గొంతును హెడ్‌ఫోన్స్‌లో వింటూ దాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు. చివరికి మైకులో, "అమ్మా, మీరలాగే అక్కడే ఉండండి. పెద్ద కూర్మి మీరు చెప్పండి" అన్నాడు.

"గీ గొంతుతోటా? గిది గొంతు గాదు, తుప్పు పట్టిన గొళ్ళెం."

"ఒక్కసారి చెప్పండి. బాగాలేకపోతే నేనే వద్దంటాను."

చిన్నమ్మ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. అలవాటు చొప్పున మెడ ముడవబోయి, ఆగి, నిటారుగా నిలబడింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది. "పిల్లలూ, నేను మీతో ఉండలేను. వెలుగు కనిపించే దిశగా సాగిపొండి." తప్పేమీ లేదు. ఏమీ లేదు కూడా. డైరెక్టరుగారు తల అడ్డంగా ఊపి, "అమ్మా, ఇన్నాళ్ళూ కూర్మి మా తెలుగు మాట్లాడింది. ఇప్పుడది పెద్దదైంది కదా, దాని సొంత మాట మాట్లాడనివ్వండి. ఆ కాగితం పక్కన పెట్టేయండి" అన్నాడు.

ఆమె కాగితం పక్కన పెట్టింది. కళ్ళజోడు కూడా తీసేసింది. తెర మీద పెద్ద తాబేలు ముందుకాళ్ళతో ఇసుక మెల్లగా సర్దుతోంది.

"బిడ్డలారా, నేను మీతోటి ఉండను. నాతోటి గూడ ఎవ్వరు లేకుండె. ఎటు ఎల్తురు గనిపిస్తె అటు నడువుండ్రి." కొంచెం ఆగింది. ఆ ఆగడంలో ఊపిరి గరగరమంది. "దూరమేం గాదు."

ఇన్నేళ్ళు నడిచిన తాబేలు ఆ మాట అంది, దూరమేం కాదని. ఇంజనీరు కుర్రాడు రికార్డింగు ఆపడం మరిచిపోయాడు. మైకు గదిలో ఆ అమ్మాయి గోడకు ఆనుకుని, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆ మాటలు తాబేలు పెదవులకు కలిశాయా అని ఎవరూ అడగలేదు. తర్వాత చూస్తే కలిశాయి. నాకు మాత్రం ఆ గదిలో నేల కొంచెం కిందికి దిగినట్టనిపించింది. ఒక మనిషి సిగ్గుపడి దాచుకున్న దానిలో ఇంత ఉంటుందా అని, నేను పుట్టినప్పటినుంచి ఎరిగిన మనిషిని అద్దం ఇవతలినుంచి కొత్తగా చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం రావలసిన కళాకారిణికి డైరెక్టరుగారే ఫోన్ చేసి, ఇంకో పనికి పిలుస్తానని చెప్పాడు.

ఛానెల్‌వాళ్ళు ఏమంటారోనని కొన్నాళ్ళు భయపడ్డాం. వాళ్ళేమీ అనలేదు. ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున సినిమా వేశారు. చిన్నమ్మ ఫ్లాటులో ఆ బిల్డింగు పిల్లలంతా చేరారు. చాలామంది ఆపరేషను తర్వాత అద్దెకొచ్చిన కుటుంబాల పిల్లలు. చిన్నాయన వాళ్ళకు మిక్చరు పంచుతూ, "గీ కూర్మి ఇన్నేండ్లు మాట్లాడింది మీ అమ్మమ్మనే" అని చెప్పాడు. పిల్లలు మర్యాదగా ఆయన వంక చూసి, మిక్చరు తీసుకుని, నమ్మలేదు. ఒక పిల్ల, "తాతా, కూర్మిది చిన్నపిల్ల గొంతు గద" అని ఆయనకు నెమ్మదిగా నచ్చజెప్పింది. చిన్నమ్మ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని నవ్వి ఊరుకుంది.

సముద్రం వచ్చినప్పుడు మిక్చరు చప్పుడు ఆగిపోయింది. నాకు తెలిసిన ఘట్టమే, అయినా నా ఊపిరీ అక్కడే ఆగింది. చిన్నాయన కళ్ళు తెరుచుకునే చూశాడు. తర్వాత ఆ పెద్ద తాబేలు అలల్లోంచి వచ్చి, ఇసుక సర్ది, "బిడ్డలారా" అంది. ముందు వరసలో కూర్చున్న పిల్లలు టక్కున వెనక్కి తిరిగారు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ. తెరను వదిలేసి గుమ్మం వైపు, పీట మీదున్న చిన్నమ్మ వైపు చూశారు. ఇందాక తాతకు నచ్చజెప్పిన పిల్లే, "అమ్మమ్మా, గిది నువ్వే" అంది. ఆ పిల్లలకు తెలిసిన గొంతు అదొక్కటే. మెట్ల మీద పడకండని చెప్పే గొంతు, లిఫ్టు ఆగిపోతే బయటినుంచి ధైర్యం చెప్పిన గొంతు. ఏ గొంతు వల్ల ఆమె ఫోను ఎత్తడం మానేసిందో, దాన్ని వాళ్ళు ఒక్క మాటకే గుర్తుపట్టారు. చిన్నమ్మ "ఔ, నేనే. ముంగటికి చూడుండ్రి" అంది. అని, తను మాత్రం టీవీ వైపు చూడలేదు. తన వైపు తిరిగిన ఆ మొహాల్నే చూస్తూ ఉండిపోయింది.

సినిమా అయిపోయింది. పేర్లు పైకి పోతున్నాయి. ఒక చిన్నవాడు, "మళ్ళ ఎప్పుడొస్తది?" అని అడిగాడు. ఇంక రాదని, కథ అయిపోయిందని చిన్నాయన చెప్పాడు. వాడు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. పెద్దవాళ్ళమే ఎవరం ముందు లేవాలో తెలియక కూర్చుండిపోయాం. పిల్లలు అప్పటికే చెప్పులేసుకుని మెట్లు దిగుతున్నారు. కింద నుంచి ఎవరో ఆడపిల్ల కావాలని గొంతు బొంగురు చేసుకుని "దూరమేం గాదు" అని అరిచింది, మిగతావాళ్ళు అందుకున్నారు. చిన్నమ్మ పీట మీదనుంచి లేచి, కిటికీ దగ్గరకు పోయి, వాళ్ళు సందు మలుపు తిరిగేదాకా నిలబడింది. కాలం మన దగ్గర్నుంచి ఏమేం తీసుకుపోయిందో వేళ్ళు మడిచి చెప్పుకుంటూ ఉంటాం గానీ, తీసుకుపోయినదాన్ని అది ఎవరి చేతుల్లో పెట్టిందో చూడటానికి కిటికీ దాకా నడిచేవాళ్ళం మాత్రం కొద్దిమందిమే.